ఏడవని పిల్లకు నీళ్లు పోసిన బాలమణి

పసిపిల్లలున్న ఇంట్లో మాటలన్నీ రెండింటి చుట్టే తిరుగుతాయి. రాత్రి నిద్రపోయిందా లేదా, పొద్దున దొడ్డికెళ్లిందా లేదా. ఆఫీసులో పదిమందిని ఆడించేవాళ్లు కూడా ఈ రెండు ప్రశ్నల దగ్గరికొచ్చేసరికి బిక్కమొహం వేస్తారు. ముప్పై ఏళ్లుగా బాలమణి ఆ మొహాలు చూస్తూనే ఉంది. నాచారంలో, చిల్కానగర్‌లో, హబ్సిగూడ గల్లీల్లో ఆమె కాళ్ల మీద స్నానం చేయని పిల్లలు తక్కువ. స్నానాల గదిలో పీట వేసుకుని, రెండు కాళ్లూ బారచాపి, పిల్లను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఆముదం రాస్తుంటే నాలుగు రోజులుగా బిగుసుకుపోయిన పొట్ట కూడా మెత్తబడుతుంది. బుల్లి మోకాళ్లు మడిచి పొట్టకు ఆనించి వదులుతుంది. అప్పటికీ పని కాకపోతే ఆముదంలో ముంచిన తమలపాకు తొడిమ ఉండనే ఉంది. చివర్న సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలో చుట్టి చేతికిస్తే ఇల్లంతా రెండు గంటలు హాయిగా ఉంటుంది. ఆ రెండు గంటల కోసం ఆ ఇళ్లవాళ్లు ఆమెకు టీ పెట్టి మరీ ఎదురుచూస్తారు.

ఈ పని నేర్పింది ఆమె అత్త. నూనె ఎంత వెచ్చగా ఉండాలో, మాడు మీద చెయ్యి ఎంత తేలిగ్గా వేయాలో అన్నీ నేర్పి, ఆఖర్న ఒక మాట చెప్పింది: "నీళ్లు పోసేదాని చేతులకు కండ్లుండాలె, నోట్లె నాలుక ఉండొద్దు." పిల్ల బరువెక్కిందని అనకూడదు, చిక్కిందనీ అనకూడదు. రోజూ పిల్ల ఒంటిని చూసే మనిషి కాబట్టి ఆమె మాటకు దిష్టి ఎక్కువని అందరి నమ్మకం. బాలమణి ఆ కట్టు ఒక్కసారే తప్పింది. బోడుప్పల్‌లో ఒక ఇంట్లో పిల్లాడి తొడలు చూసి ముచ్చటపడి మస్తు బొద్దుగయ్యాడని అంది. ఆ రాత్రే వాడికి జ్వరం వచ్చింది. మర్నాడు ఆమెను గుమ్మంలోనే ఆపేశారు. అదే వీధిలో మరో రెండిళ్లవాళ్లు ఫోన్ చేసి రావద్దన్నారు. ఆ జ్వరం ముందురోజు వేయించిన టీకా వల్ల వచ్చిందని తర్వాత తెలిసింది గానీ, పోయిన ఇళ్లు మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆమె నోటికి తాళం వేసుకుంది.

చిల్కానగర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఆమెకు రెండు ఇళ్లు ఉండేవి. నాలుగో అంతస్తులో తేజేష్ అనే మూడు నెలల వీరుడు. రాత్రంతా ఇంటిల్లిపాదినీ జాగారం చేయించి, పొద్దున బాలమణి వచ్చేసరికి మహారాజులా ఆవలిస్తాడు. వాళ్లమ్మ సూర్యకళ నిలబడే నిద్రపోతూ ఉంటుంది. వాడి గురించి బాలమణికి ఏ దిగులూ లేదు. ఆకలి ఏడుపు వేరు, కడుపునొప్పి ఏడుపు వేరు, నిద్ర ముంచుకొచ్చి పడుకోవడం చేతకాని ఏడుపు వేరు, ఊరికే ఎత్తుకొమ్మనే దొంగ ఏడుపు వేరు. తలుపు బయట చెప్పులు విడుస్తూనే ఆమె ఏ ఏడుపో పోల్చేది.

మొదటి అంతస్తులో ఫ్లాటు ముందు చెప్పులు విడిచినప్పుడు మాత్రం లోపలినుంచి ఏమీ వినిపించేది కాదు.

అది కనకమహాలక్ష్మిగారి ఇల్లు. వాళ్లది విశాఖపట్నం. ఆమె భర్త చలపతిరావు రైల్వేలో పనిచేసి, రిటైరై, ఇక్కడే ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డాడు. కూతురు సుష్మ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పురిటికి పుట్టింటికి వచ్చింది. పాప పేరు మనస్విని. ఇరవై రెండో రోజున పాపను బాలమణి కాళ్ల మీద పెడుతూ కనకమహాలక్ష్మి గర్వంగా చెప్పుకుంది. "మా పిల్ల బంగారం, బాలమణీ. పడుకోబెడితే మనం లేపేదాకా లేవదు. సుష్మ ఆరు నెలలపాటు నా కంటిమీద కునుకు లేకుండా చేసింది. దీని కడుపున పుట్టేదైనా నిద్రపోవాలని అమ్మవారికి మొక్కుకున్నాను."

మొక్కు ఫలించింది. పాలకు కూడా లేవని పిల్లను తడిగుడ్డతో పాదాలు తుడిచి లేపాల్సి వచ్చేది. రెండు గుక్కలు తాగి మళ్లీ నిద్రపోయేది. పై అంతస్తు సూర్యకళ అప్పుడప్పుడు కిందికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, నిద్రపోతున్న మనస్వినిని అసూయగా చూసి వెళ్లేది. ఆమె వెళ్లగానే కనకమహాలక్ష్మి పాపకు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది.

బాలమణి చేతులకు మాత్రం మొదటి వారంలోనే ఏదో తేడా తెలిసింది. నీళ్లు నెత్తిన పడగానే ఏ పిల్లయినా ఊపిరి ఎగబీల్చి గొంతు చించుకుంటుంది. మనస్విని కళ్లు తెరిచి ఊరికే చూసేది. ఆ చూపు బాలమణి మీద ఆగేది కాదు. ఆమె వెనక ఎవరో నిలబడితే వాళ్లను చూస్తున్నట్టుండేది. రెండు మూడుసార్లు బాలమణి వెనక్కి తిరిగి చూసింది. గోడకు గీజరు తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

ఒళ్లు వేడెక్కేది కాదు. గది నిండా ఆవిరి కమ్ముకుని బాలమణి మెడమీద చెమట కారుతున్నా, కాళ్లమీద పిల్ల మాత్రం నీళ్లకుండ అడుగులా చల్లగా ఉండేది. పుట్టినప్పటి కామెర్ల పచ్చదనం ఒంటిమీద ఇంకా పోలేదు. మాడు వారం వారం దగ్గరపడాల్సింది పోయి బొటనవేలు పట్టేంత వెడల్పుగానే ఉంది. బొడ్డు ఉబ్బుకొస్తే కనకమహాలక్ష్మి రూపాయి బిళ్ల పెట్టి గుడ్డకట్టు కట్టింది. నాలుక కొన ఎప్పుడూ పెదాల మధ్యే ఉండేది. ఎంత ముద్దుగా నాలుక చాపుతోందో అని సుష్మ ఫోటోలు తీసి భర్తకు పంపేది.

ఇక దొడ్డికి వెళ్లడం అన్నది పెద్ద ప్రహసనం. ఐదు రోజులు, ఆరు రోజులు, ఒకసారి ఎనిమిది రోజులు. టీకాకు తీసుకెళ్లినప్పుడు అడిగితే, తల్లిపాలు తాగే పిల్లలకు అది మామూలేనని అక్కడి డాక్టరు చెప్పి పంపేశాడట. అబద్ధమేమీ కాదు, పాలు పూర్తిగా ఒంటబట్టి వారం వరకూ వెళ్లని పిల్లలను బాలమణి చాలామందిని చూసింది. కానీ వాళ్లు వెళ్లేటప్పుడు మెత్తగా వెళ్తారు, వెళ్లేదాకా కాళ్లు తన్నుకుంటారు, మొహం కందగడ్డ చేసుకుంటారు. ఈ పిల్లకు తొడిమ పెడితే రాళ్లలా నాలుగు ఉండలు పడ్డాయి. పిల్ల మొహంలో రంగు మారలేదు, కాలు కదలలేదు, నోరు తెరవలేదు. తన ఒంట్లో జరిగేది తనది కానట్టు పడుకుని ఉంది.

ఆ రోజే ఆమె ఆ మొహాన్ని గుర్తుపట్టింది. తడి జుట్టు నుదుటికి అంటుకుని, ముక్కు దూలం చదునుగా, కనురెప్పలు ఉబ్బి, నాలుక కొంచెం బయటికి. ఆ పిల్లకు తల్లి పోలిక లేదు, గోడమీద పెళ్లి ఫోటోలో ఉన్న తండ్రి పోలికా లేదు. అచ్చంగా యాదగిరి మొహం. బాలమణి చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

యాదగిరి ఆమె కొడుకు. వాడికి ముప్పై నాలుగేళ్లు.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక బస్తీలో రేకుల గది ఆమెది. భర్త అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసి, పదకొండేళ్ల కిందట చనిపోయాడు. గదిలో మంచం పక్కన గోడకు ఆనుకుని యాదగిరి కూర్చుంటాడు. నిలబడితే తల్లి నడుము దాకా వస్తాడు. పొట్టి మెడ, బరువైన నాలుక, పొట్ట మీద నిమ్మకాయంత బొడ్డు. పిలిస్తే కాసేపటికి తల తిప్పుతాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. రాత్రి ఏడింటికి పడుకుంటే పొద్దున బాలమణి లేపేదాకా లేవడు, పగలు కూడా సగం నిద్రే. వారానికోసారి వాడికి దొడ్డి అవడం కోసం ఆమె ఇప్పటికీ పొట్టకు ఆముదం రాస్తుంది. రోజూ పొద్దున ముందు వాడికి నీళ్లు పోసి, ఆ తర్వాతే పనికి బయల్దేరుతుంది.

పుట్టినప్పుడు బస్తీ అంతా వాడిని మెచ్చుకుంది. ఏడవని పిల్లాడు, తల్లిని సతాయించని పిల్లాడు. పక్కింటి ఆడవాళ్లు తమ పిల్లలను ఎత్తుకొచ్చి, వాడిని చూసి బుద్ధి తెచ్చుకొమ్మని వాళ్లను వేళాకోళం చేసేవాళ్లు. బాలమణి కూడా ముసిముసిగా నవ్వుకునేది. రెండేళ్లు దాటినా వాడు కూర్చోకపోతే అప్పుడు మేలుకుంది. గల్లీ డాక్టరు టానిక్కు రాశాడు. ఒకరు దర్గాకు పొమ్మన్నారు, ఒకరు పక్షిదోషం అన్నారు, ఒకరు పూర్వజన్మ పాపం అన్నారు. వాడి ఒంట్లోంచి ఒక్క రక్తం చుక్క తీసి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆరేళ్లకు నడిచాడు. అంతకుమించి వాడు ఎదగలేదు.

ఇప్పుడు వాడి మొహం చిల్కానగర్ ఫ్లాటులో ఇంకొకరి పిల్ల మీద మొలుస్తోంది. బాలమణికి మొదట వచ్చిన ఆలోచన చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆమె స్థానంలో ఉంటే ఎవరికైనా అదే వస్తుంది. రోజూ పొద్దున ఇవే చేతులతో కొడుకు ఒళ్లు రుద్ది, ఇవే చేతులతో ఆ పిల్లను ముట్టుకుంటోంది. వాడికి ఉన్నదేదో తన చేతుల మీదుగా ఆ పిల్లకు పాకుతోందేమోనని ఆమె భయపడిపోయింది. చేతులు బూడిదతో తోమింది, పసుపు రాసింది, సబ్బుతో మోచేతుల దాకా కడిగింది. వారంపాటు కొడుక్కి నీళ్లు పోయడం మానేసింది. పొద్దునే వాడు అలవాటు ప్రకారం బట్టలు విప్పుకుని రాతిబండ మీద కూర్చుని ఎదురుచూసేవాడు. ఆమె చూడనట్టు తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయేది.

వారం గడిచినా మనస్విని మొహం మారలేదు సరికదా, ఇంకా ఉబ్బింది.

చెప్పాలి. కానీ చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. బోడుప్పల్‌లో ఒక్క మెచ్చుకోలు మాటకే మూడిళ్లు పోయాయి. ఇక్కడ పిల్లలో లోపముందని అంటే అపార్ట్‌మెంట్‌వాళ్ల ఫోన్ గ్రూపులో సాయంత్రానికల్లా పాకిపోతుంది, ఉప్పల్ నుంచి నాచారం దాకా ఇంక ఏ ఇల్లూ ఉండదు. ఆ ఇళ్లు లేకపోతే యాదగిరికి అన్నం లేదు. చెప్పకపోతే ఆ పిల్ల కూడా ఏదో ఒక గోడకు ఆనుకుని ముప్పై నాలుగేళ్లు కూర్చుంటుంది. రెండింటి మధ్యా ఆమె నలిగిపోయింది. ఒకరోజు తెగించి, పిల్లను ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించమని సుష్మతో గొణిగింది. సుష్మ ఎందుకని అడిగేలోపే వంటింట్లోంచి కనకమహాలక్ష్మి వచ్చింది. పిల్ల చక్కగా నిద్రపోతుంటే డాక్టరెందుకని కసిరింది. పుట్టిన మూడో రోజు నర్సింగ్‌హోమ్‌లో కూడా ఇలాగే మడమకు సూది గుచ్చి ఏదో పరీక్ష చేస్తామంటే, పురిటికందుకు సూదులేమిటని తానే వద్దన్నానని, చలపతిరావు చేత వద్దని సంతకం కూడా పెట్టించానని చెప్పింది. బాలమణి మళ్లీ నోరు మూసుకుంది.

కానీ నోరు ఆమె మాట వినలేదు. రెండు రోజుల తర్వాత స్నానం చేయిస్తుండగా పిల్ల కళ్లు మూతలు పడుతుంటే, చెంప మీద తడుతూ అనేసింది.

"కండ్లు తెరువు, యాదగిరీ. తెరువు కొడుకా."

తువ్వాలు పట్టుకుని గుమ్మంలో కనకమహాలక్ష్మి నిలబడి ఉంది. యాదగిరి ఎవరని అడిగింది. బాలమణి తన కొడుకని చెప్పింది. ఏం చేస్తాడని అడిగితే చెంబు ముంచి పిల్ల వీపు మీద నీళ్లు పోసింది. కనకమహాలక్ష్మి పిల్లను అందుకుని గుండెలకు అదుముకుంది. మూడేళ్ల కిందట ఎవరో చెప్పగా విన్న మాట ఏదో ఆమెకు లీలగా గుర్తొచ్చినట్టుంది. బాలమణికి ఒక మతిలేని కొడుకున్నాడట. నెలాఖరు వరకే రమ్మని, ఆ తర్వాత సుష్మ చూసుకుంటుందని, మొహం చూడకుండా చెప్పింది.

నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ సాయంత్రం బాలమణి ఇంటికి వచ్చి యాదగిరి ఎదురుగా కూర్చుని చాలాసేపు వాడినే చూసింది. నోటితో అంటే దిష్టి. చేత్తో చూపిస్తే దిష్టి అని అత్త చెప్పలేదు.

మర్నాడు వాడికి నీళ్లు పోసింది. ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి, నాచారం చౌరస్తాకు నడిపించి ఆటో ఎక్కించింది. పక్కనున్న ఆడమనిషి వాడిని చూసి చీర కొంగు దగ్గరకు లాక్కుంది. అపార్ట్‌మెంట్ మెట్ల మీద వాడు ఒక్కో మెట్టుకూ ఆగాడు. తలుపు తీసిన కనకమహాలక్ష్మి మొహంలో నెత్తురు లేకుండా పోయింది. పసిపిల్ల ఉన్న ఇంటికి ఇలాంటి మనిషిని ఎందుకు తెచ్చావని ఆమె అడిగేలోపే బాలమణి వాడిని హాల్లో, ఉయ్యాల పక్కన నేల మీద కూర్చోబెట్టింది. చొక్కా పైకెత్తి బొడ్డు చూపించింది. ఉయ్యాల్లోని పిల్ల గుడ్డకట్టు విప్పి, రూపాయి బిళ్ల తీసి పక్కన పెట్టింది. రెండు బొడ్లూ, రెండు నాలుకలూ, రెండు జతల ఉబ్బిన రెప్పలూ. ముప్పై నాలుగేళ్ల మనిషీ యాభై నాలుగు రోజుల పిల్లా ఒకే మొహంతో ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ రెప్ప వేయలేదు.

గదిలో ల్యాప్‌టాప్ ముందునుంచి లేచి వచ్చిన సుష్మ అది చూసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"నేనేం అంటలేనమ్మా," అంది బాలమణి. "నా నోటితోని ఒక్క మాట అంటలేను. నా కొడుకును సూడున్రి, అంతే."

సుష్మ అడిగింది. "చిన్నప్పుడు ఏడ్చేవాడా?"

"ఏడిస్తే గిట్లెందుకైతుండె, బిడ్డా."

కనకమహాలక్ష్మి వీధి తలుపు చూపించింది. బాలమణి కొడుకును లేపి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆ పూట నాలుగో అంతస్తుకు వెళ్తే సూర్యకళ తలుపు తీయలేదు. లోపల తేజేష్ ఆకలి ఏడుపు ఏడుస్తున్నాడు.

నాలుగు రోజులు ఆ ఇంటినుంచి ఫోన్ రాలేదు. వచ్చిన రెండూ పని మానిపించిన ఫోన్లే. ఐదో రోజు మధ్యాహ్నం బస్తీ గల్లీలో ఇల్లు అడుగుతూ అడుగుతూ చలపతిరావు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, రేకుల గదిలో నేల మీదే కూర్చున్నాడు. ఆమె వచ్చి వెళ్లిన రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారట, రక్తం తీశారట. పిల్లకు మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే పనిచేయడం లేదు. దొడ్డికి వెళ్లకపోవడం, ఆ మత్తు నిద్ర, ఆ చల్లదనం అన్నీ దానివల్లే. కనకమహాలక్ష్మి పదిహేనేళ్లుగా పొద్దున్నే పరగడుపున వేసుకునే గోలీయే దీనికీ మందు. కొంచెం ముక్క నూరి పాలలో కలిపి రోజూ వేస్తే చాలు. పుట్టిన మూడో రోజే మడమలోంచి ఆ చుక్క తీయనిచ్చి ఉంటే ఇంకా మంచిదని, ఇప్పటికైనా వచ్చారు కాబట్టి ఫరవాలేదని, ఇంకో రెండు మూడు నెలలు ఊరుకుని ఉంటే బుద్ధి ఎదగడం కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడట.

బాలమణి అన్నీ విని, ముందు తన చేతులు చూసుకుంది.

"చేతులకెళ్లి అంటేది కాదు గదా, సారూ?"

కాదని ఆయన చెప్పాడు. ఆమె ఊపిరి వదిలింది. ఆ తర్వాత గోడకు ఆనుకుని కునుకుతున్న యాదగిరి వైపు చూసింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"నా కొడుక్కు గూడ గా గోలీయేనా? గప్పుడు ఏసుంటే?"

చలపతిరావు తల దించుకున్నాడు. ఆ జవాబు చాలు. ఆయన వెళ్లాక బాలమణి ఏడవలేదు. ఒళ్లు మండిపోయింది. దర్గా మెట్ల మీద, టానిక్కు సీసాల మీద, వాడిని మెచ్చుకున్న ఆడవాళ్ల మీద, అన్నిటికన్నా ఎక్కువగా ముసిముసిగా నవ్వుకున్న తన మీద ఆమెకు కోపం వచ్చింది. ప్రతి మందుల దుకాణంలోనూ దొరికే గోలీ. దాని ముందునుంచి ఆమె ముప్పై నాలుగేళ్లు రోజూ నడిచి వెళ్లింది.

మర్నాడు మళ్లీ రమ్మన్నారు, ఆ వెంటనే సూర్యకళ కూడా పిలిచింది. పది రోజులయ్యేసరికి మనస్విని ఒళ్లు వెచ్చబడింది, పచ్చదనం విరిగింది, రోజు విడిచి రోజు దొడ్డికెళ్లడం మొదలైంది. పన్నెండో రోజున నెత్తిమీద నీళ్లు పడగానే ఊపిరి ఎగబీల్చి, కాళ్లు బిగబట్టి, అపార్ట్‌మెంటంతా వినిపించేలా గొంతు విప్పింది. గుమ్మం బయట కనకమహాలక్ష్మి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని చతికిలబడింది. రెండు నెలలు ఏడుపు లేదని పండగ చేసుకున్నాను బాలమణీ, అంది. ఆ వారమే ఆమె ఆటో మాట్లాడి, యాదగిరిని తన పక్కనే కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు వాడి గుండె పరీక్ష చేయించి, చాలా చిన్న మోతాదుతో మొదలుపెడదామన్నాడు. బుద్ధి తిరిగి రాదని, ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాడు. ఒళ్లు కొంచెం మేలుకుంటుంది, అంతే అన్నాడు.

మేలుకోవడం అంటే ఏమిటో బాలమణి ఆలోచించలేదు. నెల దాటాక యాదగిరి అరచేతులు వెచ్చగా అనిపించాయి. ఆముదం లేకుండానే వాడికి రెండు రోజులకోసారి దొడ్డి అవుతోంది. పగలు కునుకు తగ్గింది. ఆమె గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే వాడి తల కూడా ఆమె వెంట తిరిగేది. ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ లేనిది, వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టు ఆమెకు ఒళ్లు జలదరించేది. తిరిగి చూస్తే నిజంగానే చూస్తూ ఉండేవాడు.

రెండో నెలలో ఒక తెల్లవారు జామున, నల్లా నీళ్లు వచ్చే వేళకు బాలమణి కళ్లు తెరిచింది. మంచం పక్కన యాదగిరి లేచి కూర్చుని, ఆమె మొహంలోకి వంగి చూస్తున్నాడు. వాడు తనంతట తాను లేవడం అదే మొదటిసారి. ఎంతసేపటినుంచి అలా చూస్తున్నాడో తెలియదు. ఆమె కదలగానే వాడి కింది పెదవి వణికింది, నోరు తెరుచుకుంది. పెద్ద మగవాడి బొంగురు గొంతుతో, పసిపిల్లాడి ఏడుపు ఏడ్చాడు. పక్క గదుల్లో దీపాలు వెలిగాయి. ఎవరో వచ్చి రేకు తలుపు కొట్టారు.

బాలమణి వాడి తల ఒళ్లోకి లాక్కుంది. పొట్ట తడిమింది, మెత్తగానే ఉంది. అన్నం ముద్ద నోటికి అందించింది, తినలేదు. వీపు నిమిరింది, నుదురు పట్టుకుని చూసింది, కిందికి వంగి చెవి ఒగ్గింది. ఊళ్లోవాళ్ల పిల్లల ఏడుపు తలుపు బయటనుంచే పోల్చే మనిషికి ఈ ఏడుపు ఏమిటో అర్థం కాలేదు. కొడుకు ఏడవగా ఆమె ఎన్నడూ విని ఉండలేదు. భయమో సంతోషమో తెలియని దానితో ఆమె గుండె దడదడలాడింది. వాడు ఆపలేదు. ఆమె కూడా ఆపమని అనలేదు. ఆ రోజు చిల్కానగర్‌లో పిల్లలిద్దరికీ నీళ్లు ఆలస్యమయ్యాయి.